సావుసావుకి చప్పుడు లేని కంప్యూటర్

నా పనికాలంలో నేను విప్పి చూడని యంత్రం దాదాపు లేదు. నోరు తెరిచి ఒప్పుకున్న తప్పులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు రిపేరు బెంచీ ముందు కూర్చుంటున్న చిన్నవాళ్లు చదివితే మంచిది. చదివాక కూడా మీరు ఇదే తప్పు చేస్తారని నాకు తెలుసు. అయినా చెప్పడం నా వంతు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు అర్థం కాదు. నేను ఫిజీ దీవుల్లో వటుకౌలా బంగారు గని ఇళ్లలో పెరిగాను. మా నాన్న అక్కడ పనిచేసేవాడు. రాయి నలగగొట్టే మిల్లు పగలూ రాత్రీ మోగేది. మాకు ఆ మోత వినిపించేది కాదు. అది ఆగిన రోజున మాత్రం ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు, లోపల ఎవరికి ఏమైందోనని. అలాంటి చోట పెరిగినవాడికి చప్పుడు బాధపెడుతుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నాకూ వచ్చేది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాజధాని సూవా చేరి, టైపు మిషన్లు బాగుచేసే షాపులో పనికి కుదిరాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నేనూ వాటితోపాటు మారాను. ఇంట్లో మాట ఫిజీ హిందీ. తెలుగు మా ఆజీ, అంటే మా నాయనమ్మ, నోట్లోనూ భజనల్లోనూ మిగిలింది. ఈ రాసే తెలుగు పెద్దయ్యాక పుస్తకాలు ముందేసుకుని పట్టుబట్టి నేర్చుకున్నది. ఆజీ దగ్గర నుంచి నేరుగా వచ్చింది ఒక్కటే, అంకెలు. ఇప్పటికీ మరమేకులు విప్పేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెట్టుకుంటాను. ఈ కథలో ఆ అలవాటు కూడా అక్కరకొచ్చింది.

తొంభైల చివర ఒక రోజు పక్క దీవిలోని సావుసావు నుంచి ఫోను వచ్చింది. అక్కడ రేవు పక్కనే ఉన్న ఒక చిన్న ఆఫీసు అది. పడవ టికెట్లు రాస్తారు, పల్లెల నుంచి వచ్చే ఎండు కొబ్బరికి రసీదులు ఇస్తారు. రెండేళ్ల కిందట మా షాపు నుంచే వాళ్లకి మొదటి కంప్యూటర్ పంపాం. మాట్లాడినది అక్కడి మేనేజరు. మంచివాడే, కానీ ఓపిక తక్కువ. తన దగ్గర ఒక సీనియర్ క్లర్కు ఉందనీ, పనిలో ఆమెకి సాటి లేదనీ, కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే అది కూస్తోందని చెవులు మూసుకుంటుందనీ చెప్పాడు. ఇంకెవరికీ ఆ కూత వినిపించదట. కొత్త నెల నుంచి టికెట్లూ రసీదులూ అన్నీ కంప్యూటర్లోకే వెళ్లాలని సూవా నుంచి ఆర్డరు వచ్చింది. ఆమె కూర్చోలేకపోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి సూవా నుంచి ఒక అమ్మాయిని పంపుతారు, ఆమెని ఇంటికి పంపుతారు. అందుకని చప్పుడే చెయ్యని కంప్యూటర్ ఒకటి కట్టి, నెలాఖరు లోపల నువ్వే తెచ్చి పెట్టు అన్నాడు.

మా షాపులో అందరూ ఒకే మాట అన్నారు. కంప్యూటర్ అంటే భయపడే పెద్దవాళ్లని చాలామందిని చూశాం. ఒకరికి కళ్లు మండుతాయి, ఒకరికి తల తిరుగుతుంది, ఈవిడకి చెవులన్నమాట. నేనూ అదే అనుకున్నాను. కానీ చప్పుడు లేని యంత్రం కట్టమంటే అది వేరే సంగతి, అది నా పనితనానికి పరీక్ష. ఆమె కోసం కాదు, నా కోసం ఒప్పుకున్నాను.

ఆ రోజుల్లో ఇలాంటివి కొనడానికి దొరికేవి కావు. ప్రాసెసర్ మీద గీ పెట్టే చిన్న ఫ్యాన్ తీసేసి, అరచేయంత అల్యూమినియం దిమ్మ బిగించాను. వెనకవైపు పెద్ద ఫ్యాన్ ఒకటి పెట్టి, దానికి కరెంటు తగ్గించి నెమ్మదిగా తిరిగేలా చేశాను. హార్డ్ డిస్కు కేసుకి తగిలి గుయ్యిమనకుండా సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వాటితో ఉయ్యాల కట్టాను. కేసు రేకుల లోపల మందపాటి ఫెల్టు గుడ్డ అంటించాను. మన ఎండకి ఇలా గాలి తగ్గిస్తే యంత్రం ఉడికిపోతుంది కాబట్టి, మధ్యాహ్నం షాపు కిటికీలు మూసి నాలుగు రోజులు వరసగా నడిపి చూశాను. ఆగలేదు. చివరికి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన కేసుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి విన్నాను. ఇది పాత మెకానిక్కుల పద్ధతి, గాలిలో వినిపించని చప్పుడు కూడా ఇనుములోంచి ఎముకలోకి వస్తుంది. ప్రతి మర దగ్గరా పెట్టి చూశాను. హార్డ్ డిస్కు గుసగుస తప్ప ఏమీ లేదు. అంత గర్వం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

పొద్దున్నే పడవ దిగి, యంత్రాన్ని దుప్పట్లో చుట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. రేవులో సరుకు దించే పెద్దాయన పెట్టె పట్టుకోవడానికి సాయం వచ్చాడు. ఊళ్లో పుట్టి పెరిగిన ఫిజియన్, అంటే ఈ దీవుల మూలవాసి, అయినా మనలాగే ఫిజీ హిందీ మాట్లాడతాడు. ఎవరికోసం ఈ యంత్రం అని అడిగాడు. చెప్పాను. ఆ మరామా చెవులు మామూలువి కావు అన్నాడు. మరామా అంటే వాళ్ల భాషలో అమ్మగారు. పాతకాలంలో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేదట, చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని లైన్లు కలిపే పని. ఒకసారి వానలో ఎక్కడో తీగ మీద పిడుగు పడి, ఆ దెబ్బ హెడ్‌ఫోన్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఆమెకి చిన్న చప్పుళ్లు పెద్దగా వినిపిస్తాయి. పడవ కొండ చాటు దాటి కనిపించక ముందే ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది, నేను తాళ్లు తీస్తాను అన్నాడాయన. నేను నవ్వి ఊరుకున్నాను. రేవుల్లో ఇలాంటి గొప్పలు చాలా విన్నాను.

ఆమెకి యాభై దాటి ఉంటాయి. బిగించి ముడేసిన జుట్టు, ఒక చెవిలో దూది. టేబుల్ ముందు ఏటవాలుగా, ఎవరో బలవంతంగా కూర్చోబెట్టినట్టు కూర్చుంది. రెండు పాదాలూ నేలకి ఆనకుండా కుర్చీ అడ్డకమ్మీ మీద పెట్టుకుంది. టేబుల్ కింద మొగలాకులతో అల్లిన చాప ఒకటి మడతలు పెట్టి నిలబెట్టి ఉంది. దాని వెనక స్టెబిలైజర్. ఆ ఊళ్లో కరెంటు ఎక్కువా తక్కువా అవుతూ ఉండేది కాబట్టి, మేం ఏ కంప్యూటర్ పంపినా దాంతోపాటు ఒక స్టెబిలైజర్ కూడా పంపేవాళ్లం. చాప అడ్డం ఉంటే దానికి గాలి ఆడదు, వేడెక్కి కాలిపోతుంది. అది తెలియదా అని ఆమెని కొంచెం గట్టిగానే అడిగి, చాపని కాలితో పక్కకి తోశాను. ఆమె వంగి దాన్ని తీసుకుని, దుమ్ము దులిపి ఒళ్లో పెట్టుకుంది.

పాత యంత్రం తీసి కొత్తది బిగిస్తూ మామూలుగా మరలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆమె తల తిప్పి చూసింది.

"మీరు తెలుగోళ్లా?" అంది.

అవునన్నాను. ఆమెది అదే దీవిలోని వాయినికోరో. చెరుకు తోటల్లో తెలుగు నాయనమ్మ పెంచిందట. అంకెలు విని ఎన్నేళ్లయిందో అంది. ఆ తరువాత నన్ను తమ్ముడూ అనే పిలిచింది. నేను అక్కా అనాలి కదా, అన్నాను. అని కూడా ఆ తరువాత చేసింది మాత్రం అక్కకి చెయ్యాల్సిన పని కాదు.

కంప్యూటర్ ఆన్ చేశాను. తెర వెలిగితే తప్ప అది నడుస్తోందని తెలియదు. మేనేజరు చెవి ఆనించి విని, నా భుజం తట్టాడు. గుమాస్తాలంతా చుట్టూ మూగారు. నేను ఆమె ముఖం వైపు చూశాను, మెచ్చుకుంటుందని. ఆమె దూది ఉన్న చెవి మీద చెయ్యి పెట్టుకుని, కూత పోలేదంది. ముందు కన్నా ఇప్పుడు బాగా వినిపిస్తోందంది.

నాకు ఒళ్లు మండింది. నాలుగు వారాల పని అది. నా ఫ్యాను, నా ఉయ్యాల, నా ఫెల్టు గుడ్డ. ముందు కన్నా బాగా వినిపిస్తోందట. అయితే పరీక్ష పెడదాం అన్నాను. ఆమెని కుర్చీలోనే గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. తెర ఆర్పేసి, యంత్రం వెనకున్న స్విచ్చు మీద వేలు పెట్టి నిలబడ్డాను. చప్పుడు కాకుండా ఆన్ చెయ్యడమో ఆపడమో చేసి, మోగుతోందా లేదా అని అడిగాను. ఆరుసార్లు. అందులో మూడుసార్లు యంత్రం ఆపేసి ఉంది.

ఆరుసార్లూ ఆమె మోగుతోంది అనే చెప్పింది.

మూడోసారికి గుమాస్తాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరోసారికి మేనేజరు కూడా నవ్వు ఆపుకోలేదు. ఆమె ఇటు తిరిగి, ఎన్ని సరిగ్గా చెప్పానని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె ముఖంలో కోపం కనిపించలేదు. తన చెవుల మీద తనకే అనుమానం వచ్చినట్టు ఒకసారి ఇటూ అటూ చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ క్షణంలో మాత్రం గెలిచాననే సంతోషంలో ఉన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

రిపోర్టు పుస్తకం తీశాను. కార్బన్ పెట్టి రాసేది, ఒక కాపీ నాకు, ఒకటి ఆఫీసుకి. "యంత్రంలో లోపం ఏమీ లేదు. వాడే మనిషికి అలవాటు లేదు" అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. ఆఫీసు కాపీ మేనేజరుకి ఇచ్చాను. ఆయన చదివి, ఫైలులో పెట్టమని ఆమెకే ఇచ్చాడు. ఆ ఆఫీసులో కాగితాలన్నీ ఫైలు చేసేది ఆమే మరి. ఆమె ఆ కాగితం చదివింది. అంచులు సరిచేసి, పంచితో రెండు చిల్లులు పెట్టి, ఫైలులో గుచ్చి అలమరలో పెట్టింది. ఆ పని ఆమె చేసినంత శుభ్రంగా నేను ఎవరూ చెయ్యగా చూడలేదు.

వెనక వరండాలో మగవాళ్లంతా యంగోనా వేరు పొడి నీళ్లలో కలిపారు. మన దేశంలో ఏ పని అయినా ఆ గిన్నె చుట్టూనే ముగుస్తుంది. నేనూ చాప మీద కూర్చుని, ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి, కొబ్బరి చిప్పెడు తాగాను. సూవా అమ్మాయి ఏ పడవలో వస్తుందో మేనేజరు చెప్పాడు. ఎవరో ఆ పరీక్షని అనుకరించి చూపిస్తే అందరితోపాటు నేనూ నవ్వాను. రేవు పెద్దాయన మాత్రం నవ్వలేదు. చిప్ప కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణానికి టికెట్ కావాలి. టికెట్లు రాసేది ఆమే. కిటికీ దగ్గర నిలబడ్డాను, మనసులో ఎక్కడో ఇబ్బందిగానే ఉంది. ఆమె నా పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ముద్ర వేసి అందించింది.

"ఎడమ సైడ్ కూర్చో తమ్ముడూ. అటు ఘామ్ పడదు," అంది.

ఘామ్ అంటే ఎండ. ఏదైనా తిట్టి ఉంటే నేను హాయిగా పడవెక్కేవాణ్ణి. ఆ ఒక్క మాట టికెట్‌తోపాటు జేబులో పెట్టుకుని రేవులోకి నడిచాను.

రేవులో సరుకు మూటల మధ్య, నా పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాను. సముద్రం ఖాళీగా ఉంది. పడవ జాడ లేదు. కానీ పెద్దాయన అప్పటికే తాళ్లు విప్పి చుట్టలు పరుస్తున్నాడు. పడవ ఇంకా కనిపించలేదు కదా అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే ఆఫీసు కిటికీ వైపు గడ్డం ఊపి, "మరామా చెప్పింది" అన్నాడు. నేను లేచి నిలబడి చెవులు రిక్కించి విన్నాను. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక సిగరెట్టు మొత్తం కాల్చాను. అప్పుడు కొండ చాటు నుంచి పడవ ముక్కు కనిపించింది.

సిగరెట్టు పారేసి మళ్లీ కూర్చున్నాను. ఆమె చెవులు నిజమే చెబుతున్నాయి. మరి కంప్యూటర్ ఆపేసినప్పుడు కూడా ఆమెకి ఏదో వినిపించింది. అంటే అప్పుడు కూడా ఏదో నడుస్తూనే ఉంది. ఏమిటది? నేను ఆపినది కంప్యూటర్ని. ఆపనిది ఏమిటి?

అప్పుడు ఆ పాదాలు గుర్తొచ్చాయి. నేలకి ఆనకుండా కమ్మీ మీద పెట్టుకున్న పాదాలు. కాళ్లకీ పెట్టెకీ మధ్య నిలబెట్టిన చాప. నేను కాలితో తోసిన చాప.

మన దీవుల్లో పనిచేసే మెకానిక్కుకి మాత్రమే జరిగే పొరపాటు ఇది. కరెంటు బాగుండే దేశంలోనైతే టేబుల్ కింద అలాంటి పెట్టె ఉంటే అదేమిటని ఎవరైనా అడుగుతారు. మాకు స్టెబిలైజర్ అంటే గోడలో ప్లగ్గు లాంటిది. ఎన్ని వందలు బిగించానో, బిగించి బిగించి దాన్ని చూడటమే మానేశాను. సూవా షాపులో కరెంటు నిలకడగా ఉండేది కాబట్టి నా కంప్యూటర్ని అది లేకుండానే పరీక్షించాను. స్క్రూడ్రైవరు ప్రతి మరకీ పెట్టి విన్నవాణ్ణి, కాళ్ల దగ్గరున్న పెట్టెకి పెట్టలేదు. పాత కంప్యూటర్ ఫ్యాన్ మోత ఆ కూతని కొంత కప్పేది. నేను కష్టపడి ఆ మోత తీసేశాను. ముందు కన్నా బాగా వినిపిస్తోందని ఆమె అన్నది అక్షరాలా నిజం.

పడవ వచ్చి రేవుకి తగిలింది. ఎక్కడానికి చెక్క పలక వేశారు. జనం ఎక్కుతున్నారు. ఎక్కేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తరువాతి పడవ రెండు రోజులకి. వెనక్కి వెళితే, ఆ నవ్విన వాళ్లందరి ముందూ నిలబడి నేను తప్పు చేశానని చెప్పాలి. చెప్పి, ఒకవేళ ఇది కూడా తప్పైతే? నిజం చెబుతున్నాను, ఒక కాలు పలక మీద పెట్టాను. పెట్టి తీశాను. పెద్దాయన నా పెట్టె అందుకుని ఏమీ అడగకుండా నాకన్నా ముందే ఆఫీసు వైపు నడిచాడు.

ఆమె టేబుల్ సొరుగు ఖాళీ చేసుకుంటోంది. చాప చుట్టచుట్టి పక్కన పెట్టుకుంది. నేను ఎదురుగా నిలబడి, అక్కా, ఆ కూత ఎక్కడి నుంచి వస్తోంది అని అడిగాను.

ఆమె కుర్చీ కమ్మీ మీద నుంచి కుడికాలు కొంచెం లేపి, బొటనవేలితో టేబుల్ కిందికి చూపించింది.

స్టెబిలైజర్ పైరేకు మీద మా షాపు చీటీ ఉంది. దాని మీద నా సంతకం, రెండేళ్ల కిందటిది. దాని పక్కనే స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవి వెనక పెట్టాను. సన్నగా, తెగకుండా, పన్ను జివ్వుమనేలా ఉంది ఆ కూత. లోపల ట్రాన్స్‌ఫార్మర్ రేకులు వదులైపోయాయి. అరనిమిషం కూడా వినలేకపోయాను. దాన్ని ఆమె రెండేళ్లు విన్నది, అది కూడా ఏ స్క్రూడ్రైవరూ లేకుండా.

"ఇన్ని రోజులు అందరు మోగుతుందా, మోగుతుందా అని పూఛ్ చేసినారు," అంది ఆమె. "ఎక్కడ అని ఒకరు పూఛ్ చేయలే. నువ్వే ఫస్ట్."

మేనేజరుని పిలిచాను. స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చి వినమన్నాను. ఆయన విని, చటుక్కున తల వెనక్కి తీసుకుని, చెవి రుద్దుకున్నాడు. గుమాస్తాలు ఒకరి తరువాత ఒకరు వంగి విన్నారు. ఆ తరువాత నేనే మళ్లీ పరీక్ష పెడతానన్నాను. అవసరం లేదన్నాడు మేనేజరు. నాకు అవసరం అన్నాను. ఇందాక ఎవరి ముందు ఆమె తప్పిందో వాళ్ల ముందే జరగాలి. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను నేల మీద బోర్లా పడుకుని, స్టెబిలైజర్ ప్లగ్గుని చప్పుడు కాకుండా లాగడమో, ఊరికే పట్టుకుని వదిలేయడమో చేశాను. ఆరుసార్లే. రేవు పెద్దాయన పక్కన నిలబడి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు.

ఆరూ సరిగ్గా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ మెచ్చుకోలేదు కూడా. తలలు దించుకుని ఎవరి టేబుల్ దగ్గరికి వాళ్లు వెళ్లారు. మేనేజరు సూవాకి ఫోను చెయ్యాలి అని తనలో తాను అనుకుంటూ గదిలోకి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి విన్నాం. అమ్మాయిని పంపక్కర్లేదు, ఇక్కడ మనిషి ఉంది అని చెప్పాడు.

మిగిలిన పని చిన్నదే. చెక్క గోడకి చిల్లు వేసి, స్టెబిలైజర్ని అవతల వెనక వరండాలోకి మార్చాను. వానకి తడవకుండా పాత కొబ్బరి చెక్కపెట్టెలో, రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాను. గోడకి డ్రిల్లు పెట్టినప్పుడు బయటికి వెళ్లమని ఆమెకి చెప్పాను. డ్రిల్లు చప్పుడు తనకి ఏమీ కాదంది. వచ్చి పోయే చప్పుడుతో బాధ లేదట. ఆగదు అని తెలిసిన చప్పుడుతోనే బాధ అంది. ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఈ సంగతి ఇంత సూటిగా ఎక్కడా చదవలేదు.

అన్నీ బిగించి ఆన్ చేశాను. తెర వెలిగింది. ఈసారి నేను ఆమె ముఖం వైపు చూడలేదు. మోగుతోందా అని అడగలేదు. టేబుల్ కిందికి చూశాను. కొంతసేపు ఏమీ జరగలేదు. తరువాత ఎడమ పాదం కమ్మీ మీద నుంచి దిగి నేల మీద ఆనింది. దాని పక్కనే కుడి పాదం. ఆమె కుర్చీని సూటిగా తిప్పుకుని, టేబుల్ ముందుకి జరుపుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. స్క్రూలు వెతుకుతున్నట్టు అక్కడే కింద కూర్చున్నాను.

లేచాక చేసిన మొదటి పని అలమరలోంచి ఆ ఫైలు తీయడం. నా రిపోర్టు చించేద్దామని. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఫాడొద్దు తమ్ముడూ. ఫైలులో పోయింది బయటికి రాదు. కొత్తది రాయి, దాని పైన పెడతా."

రాశాను. లోపం స్టెబిలైజర్‌లో ఉందనీ, దాన్ని సంతకం చేసి పంపింది నేనేననీ, మొదటి పరీక్ష నేను తప్పుగా పెట్టాననీ, ఆమె మొదటి నుంచీ చెప్పింది నిజమనీ రాసి సంతకం చేశాను. ఆమె చదివి, అంచులు సరిచేసి, రెండు చిల్లులు పెట్టి, పాతదాని మీద గుచ్చింది. రెండు కాగితాలూ ఆ ఫైలులో అలాగే ఉండి ఉంటాయి. తరువాత నా టికెట్ తీసుకుని, పాత తేదీ కొట్టేసి రెండు రోజుల తరువాతి తేదీ వేసింది. ఎడమ సైడ్ సంగతి గుర్తు చేసింది.

ఆ తరువాత నేను ఎక్కడికి రిపేరుకి వెళ్లినా, పెట్టె తెరవక ముందు ఎక్కడ అని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది తెల్లబోయి చూసేవాళ్లు, మెకానిక్కువి నువ్వు కదా అన్నట్టు. కొందరు మాత్రం సరిగ్గా ఆ చోటుకే వేలు పెట్టి చూపించేవాళ్లు. చిన్నవాళ్లారా, మీకు నేను చెప్పగలిగింది ఈ ఒక్కటే. పనిముట్లు మీ దగ్గర నా కన్నా మంచివి ఉన్నాయి.

ఆమె ఆ కుర్చీలోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేసింది. మళ్లీ సావుసావు వెళ్లే పని నాకు పడలేదు. పండగలకి ఒక ఫోను, అంతే. నేను రిటైరవడానికి కొంచెం ముందు ఒక రోజు, పడవ మీద నాకు పార్శిలు వచ్చిందని రేవు నుంచి కబురు వచ్చింది. వెళ్లి తెచ్చుకున్నాను. గోనెగుడ్డలో చుట్టి, తాడుతో కట్టి ఉంది. విప్పితే మొగలాకు చాప. మడతల దగ్గర రంగు వెలిసింది. ఒక మూల నా బూటు మొన గీరిన గీత అలాగే ఉంది.

ఉత్తరం లేదు. పార్శిలుకి కట్టిన రసీదు మాత్రం ఉంది. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. సీనియర్ క్లర్కుగా ఆమె రాసిన చివరి రసీదుల్లో అదీ ఒకటట, ఫోను చేస్తే తెలిసింది. లోపలి సరుకు ఏమిటి, ఏ స్థితిలో ఉంది అని రాయాల్సిన గడిలో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసింది. తెలుగులో చెప్పాలంటే ఇంతే.

"చాప ఒకటి. లోపం ఏమీ లేదు."